పెరిగే పిల్లలకైనా పెద్ద కర్ర పనికిరాదు

జపాన్ వెదురు కత్తికి పొడవు, బరువు, మందం అన్నీ లెక్కే

పెరిగే పిల్లలకు బట్టలు కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోవడం మన ఇళ్ళలో మామూలే. "ఏడాది తిరిగేసరికి సరిపోతుందిలే" అంటాం. చొక్కాకు, చెప్పులకు ఈ లెక్క చెల్లుతుంది. జపాన్ వారి కత్తిసాము అయిన 'కెండో'లో వాడే వెదురు కత్తికి మాత్రం చెల్లదు. పెద్ద కర్ర పట్టిన పిల్లవాడికి మణికట్టు లాగుతుంది, పట్టు చెడుతుంది. పోటీకి వెళితే బరిలో దిగకముందే కొలతల బల్ల దగ్గర ఆ కర్రను పక్కన పెట్టేస్తారు. చీలిన కర్ర అయితే ఎదుటివాడి కంటికే ముప్పు.

ఎక్కడో జపాన్‌లోని కర్రతో మనకేం పని అని కొందరికి అనిపించవచ్చు. ఉద్యోగాల మీద జపాన్ వెళ్ళి పిల్లాపాపలతో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఉన్నాయి. ఆ దేశంలో 2012 ఏప్రిల్ నుంచి మిడిల్ స్కూలు పిల్లలకు వ్యాయామం పాఠాలలో భాగంగా వారి సంప్రదాయ యుద్ధవిద్య ఒకటి నేర్పడం తప్పనిసరి చేశారు. జూడో, కెండో, సూమో వంటి వాటిలో ఏదో ఒకటి బడి ఎంచుకుంటుంది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది. బడి వదిలాక క్లబ్బులో చేరి శ్రద్ధగా నేర్చుకోవాలంటే సొంత కర్ర కావాలి. అక్కడున్న కొడుకో కూతురో "మనవడికి కర్ర కొనాలి" అని ఫోనులో చెబితే, అది మన పొలం గట్టున నరికే కర్ర వంటిది కాదని ఇక్కడి తాతలకూ తెలిసి ఉండటం మంచిదే.

నాలుగు బద్దల కత్తి

ఈ వెదురు కత్తిని 'షినాయ్' అంటారు. చూడటానికి గుండ్రటి కర్రలా ఉన్నా ఇది ఒకే గడ కాదు. వెదురును చీల్చి, నున్నగా చెక్కిన నాలుగు బద్దలను ఒకటిగా కూర్చి చేస్తారు. కొనకు తోలు టోపీ, పిడికి తోలు తొడుగు, నడుమ తోలు కట్టు ఉంటాయి. కొన తోలు నుంచి పిడి తోలు వరకు ఒక తాడు బిగించి కడతారు. తాడు ఉన్న వైపు కత్తికి వీపు. దానికి ఎదురు వైపు పదును ఉన్నట్టు లెక్క. దెబ్బ ఆ వైపుతోనే పడాలి. బద్దలు జరిగిపోకుండా పిడి లోపల చిన్న ఇనుప రేకు, కొనలో రబ్బరు బిళ్ళ పెడతారు. పిడికి పైన చేతికి అడ్డుగా గుండ్రటి బిళ్ళ తొడుగుతారు.

దెబ్బ పడగానే నాలుగు బద్దలూ కొద్దిగా వంగి, విడి, మళ్ళీ కలుస్తాయి. దెబ్బ జోరును అవే కొంత మింగేస్తాయి. గట్టి కొయ్యకత్తితో కొడితే ఎముక విరిగే చోట దీనితో కొడితే చప్పుడే ఎక్కువ. పూర్వం కొయ్యకత్తులతో సాధన చేసి గాయపడిన వారెందరో ఉండేవారు. 16వ శతాబ్దంలో కామిఇజుమి నొబుత్సునా అనే ఖడ్గవీరుడు చీల్చిన వెదురును తోలు సంచిలో దూర్చి సాధనకు వాడాడని చెబుతారు. 18వ శతాబ్దంలో తలకు ముసుగు, ఛాతీకి కవచం, చేతులకు తొడుగులు కూడా వచ్చి చేరాయి. అప్పటినుంచి పూర్తి జోరుతో కొట్టుకుని కూడా క్షేమంగా ఇంటికి వెళ్ళడం సాధ్యమయింది.

నంబరులో ఉన్న మర్మం

దుకాణంలో షినాయ్‌లకు 28, 30, 32, 34, 36, 37, 38, 39 అని నంబర్లు ఉంటాయి. ఇవి అంగుళాలు కావు, సెంటీమీటర్లూ కావు. జపాన్ పాత కొలత 'షాకు'. ఒక షాకు అంటే సుమారు 30.3 సెంటీమీటర్లు, అంటే మన అడుగుకు దగ్గర. అందులో పదో వంతు 'సున్'. 39 అంటే 3 షాకుల 9 సున్‌లు, సుమారు 118 సెంటీమీటర్లు. 36 అంటే సుమారు 109, 32 అంటే 97, 28 అంటే 85 సెంటీమీటర్లు. అమ్మే కర్ర ఈ లెక్కకు ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూగా ఉండవచ్చు.

మామూలుగా బడిలో చేరిన చిన్న పిల్లలకు 28, 30 నంబర్లు, ఆపైన ఎత్తును బట్టి 32, 34, ప్రాథమిక పాఠశాల చివరి తరగతులకు వచ్చేసరికి 36 ఇస్తారు. మిడిల్ స్కూలుకు 37, హైస్కూలుకు 38, కాలేజీ వారికీ పెద్దలకూ 39. చిన్నపిల్లల విషయంలో వయసు కంటే ఎత్తు, చేతి బలం ముఖ్యం. ఒకే తరగతిలో ఒకరు 32, మరొకరు 34 పట్టుకుంటే అందులో చిన్నతనమేమీ లేదు.

పొడవుకు గరిష్ఠం, బరువుకు కనిష్ఠం

పోటీల నిబంధనలలో గుర్తుంచుకోవలసిన కిటుకు ఒకటుంది. పొడవు ఇంతకు మించరాదు అంటారు. బరువు ఇంతకు తగ్గరాదు అంటారు. పొడుగాటి తేలిక కర్రతో దూరం నుంచి చటుక్కున కొట్టి పాయింటు కొట్టేసే ఎత్తుకు ఇది అడ్డుకట్ట.

మిడిల్ స్కూలు వారికి పొడవు 114 సెంటీమీటర్లు మించరాదు. బరువు మగపిల్లలకు 440 గ్రాములు, ఆడపిల్లలకు 400 గ్రాములు తగ్గరాదు. హైస్కూలు వారికి పొడవు 117 సెంటీమీటర్లు, బరువు అబ్బాయిలకు 480, అమ్మాయిలకు 420 గ్రాములు. కాలేజీ వారికీ పెద్దలకూ పొడవు 120 సెంటీమీటర్లు, బరువు పురుషులకు 510, స్త్రీలకు 440 గ్రాములు. చేతికి అడ్డుగా తొడిగే బిళ్ళను తీసేసి తూచిన బరువు ఇది.

దీన్నిబట్టి ఆడవారి 39కీ మగవారి 39కీ పొడవులో తేడా లేదు. తేడా అంతా బరువులోనూ మందంలోనూ ఉంది. నంబరు ఒక్కటే చూసి కొంటే ఇక్కడే బోల్తా పడతారు. 39 అని రాసి ఉంది కదా అని పురుషుడు ఆడవారి కర్ర కొంటే సాధనకు పనికి రావచ్చు గాని పోటీలో బరువు చాలదు. పొట్టిగా ఉన్న పెద్దవారు 38 పట్టుకోవచ్చు. పొడవు తగ్గితే అభ్యంతరం లేదు, బరువు మాత్రం పెద్దలకు చెప్పినంతా ఉండాలి.

ఇంకో సంగతి. వెదురు ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. కొన్ననాడు 515 గ్రాములు తూగినది పొడి వాతావరణంలో కొన్నాళ్ళుంటే 510కి దిగువకు జారవచ్చు. అందుకే సరిగ్గా హద్దు మీద తూగే కర్రను కాక, నాలుగు గ్రాములు మొగ్గు ఉన్నది తీసుకోవడం మేలు.

పిడికి ముంజేయే కొలబద్ద

మన కర్రసాములో కర్రను మనిషి పక్కన నిలబెట్టి ఎత్తు చూస్తారు. షినాయ్‌కి ఆ చూపు చాలదు. పిడి పొడవు వేరుగా చూడాలి. పిడి చివరను కుడి మోచేతి మడతలో ఆనించి, ముంజేతి వెంట కర్రను పెట్టి పట్టుకోవాలి. గుండ్రటి బిళ్ళకు సరిగ్గా కింద కుడి పిడికిలి పడితే ఆ పిడి ఆ మనిషికి సరిపోయినట్టు. ఇది పాతకాలం నుంచి వస్తున్న కొలత.

కెండోలో ఎడమ చేయి పిడి చిట్టచివర, కుడి చేయి బిళ్ళ కింద ఉంటాయి. కర్రను నడిపేది ఎడమ చేయి. కుడిది దారి చూపుతుంది. పిడి మరీ పొడవైతే రెండు చేతులూ దూరమై, కుడి చేయి బారజాపాల్సి వస్తుంది. భుజం బిగుసుకుంటుంది. కుడి చేత్తో లాగి కొట్టే అలవాటు పడుతుంది. మరీ పొట్టిదైతే చేతులు రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని కర్ర ఊగుతుంది. చిన్నప్పుడు పడిన ఈ అలవాటును తర్వాత మానిపించడం గురువులకు తలకు మించిన పని. పెద్ద సైజు కొనడం వల్ల అసలు నష్టం ఇక్కడే ఉంది.

దెబ్బ లెక్కకు రావాలన్నా కొలతే ముఖ్యం. కర్ర కొననుంచి సుమారు నాలుగో వంతు దగ్గర తోలు కట్టు ఉంటుంది. ఆ కట్టుకు పైభాగంతో తల, మణికట్టు, పక్కటెముకల కవచం మీద తగలాలి. పొడుగాటి కర్ర పట్టిన పిల్లవాడు తన అంగ దూరానికి వచ్చి కొడితే ఆ భాగం ఎదుటివాడిని దాటిపోతుంది. తగిలేది నడిమి భాగం. ఎంత చప్పుడయినా పాయింటు రాదు.

ఇక బరువు ఎక్కడ ఉందో చూడాలి. ఒకే బరువున్న రెండు కర్రలు చేతిలో వేరువేరుగా తోస్తాయి. పిడి పైన ఉబ్బి, కొనకు సన్నబడే రకంలో బరువు చేతి దగ్గర ఉంటుంది. తేలిగ్గా తిరుగుతుంది. కొత్తవారికి ఇది అనువు. పొడుగునా ఒకే తీరుగా ఉండే రకంలో బరువు కొనవైపు ఉంటుంది. దెబ్బ దిట్టంగా పడుతుంది, కాని చేయి ఆరితేరాలి. నాగలి కొనేటప్పుడు మేడి పట్టి చూసినట్టే, రెండు మూడు కర్రలు చేతబట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

హద్దు ఎందుకు పెట్టారంటే

పొడవుకు హద్దు ఊరికే రాలేదు. 1830లలో ఓయిషి సుసుము అనే యోధుడు దక్షిణాదిన ఉన్న క్యుషు దీవి నుంచి నేటి టోక్యో అయిన ఎడో నగరానికి వచ్చాడు. మనిషి మహా పొడగరి. అతని చేతిలో 5 షాకుల 3 సున్‌ల కర్ర, అంటే సుమారు 160 సెంటీమీటర్లు. దూరం నుంచే పొడిచి పేరుమోసిన గురువులను చాలామందిని ఓడించాడు. అతన్ని ఎదుర్కోవడానికి చిబా షుసాకు అనే ప్రసిద్ధ గురువు పీపా మూతను తన కర్రకు అడ్డుబిళ్ళగా తొడుక్కుని వచ్చాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. చూసినవారంతా పొడుగు కర్రల మోజులో పడ్డారు.

కాని నిజమైన జపాన్ కత్తి పిడితో కలిపి సుమారు ఒక మీటరే ఉంటుంది. 160 సెంటీమీటర్ల కర్రతో నేర్చిన విద్య కత్తి పట్టినప్పుడు ఏం పనికొస్తుందన్న ప్రశ్న వచ్చింది. 1856లో ప్రభుత్వం ఎడోలో పెట్టిన యుద్ధవిద్యాశాల కర్ర పొడవు 3 షాకుల 8 సున్‌లకు, అంటే సుమారు 115 సెంటీమీటర్లకు మించరాదని కట్టడి చేసింది. నేటి కొలతలకు ఆనాటి కట్టడే మూలం.

చీలికే అసలు ముప్పు

కొలత అంతా సరిగ్గా ఉన్నా కర్ర చీలితే ప్రమాదమే. ముఖానికి ఇనుప కడ్డీల ముసుగు ఉన్నా కడ్డీల మధ్య సందులుంటాయి. విరిగిన బద్ద పేడు ఆ సందులోంచి దూరితే కంటికి తగులుతుంది. మరీ సన్నని కొన గల కర్ర కూడా అలాగే దూరవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం కొన మందంతో పాటు, కొన నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర కూడా మందం కొలుస్తున్నారు. హైస్కూలు, ఆపై మగవారికి కొన 26 మిల్లీమీటర్లు, 8 సెంటీమీటర్ల దగ్గర 21 మిల్లీమీటర్లు తగ్గరాదు. స్త్రీలకు ఒక్కొక్క మిల్లీమీటరు తక్కువ. తేలిగ్గా తిరుగుతుందని కొన గీకి సన్నం చేసుకునే పప్పులు ఇక ఉడకవు.

వెదురు సంగతి మన మేదరులకు చెప్పనక్కర్లేదు. ముదరని వెదురు వంగుతుంది, పురుగు తొలిచింది పుటుక్కున విరుగుతుంది, మరీ ఎండింది పేలుతుంది. జపాన్‌లోనూ చలికాలంలో నరికి ఆరబెట్టిన ముదురు వెదురుకే విలువ. సాధనకు ముందూ తర్వాతా ప్రతి బద్దనూ చూసుకోవడం అక్కడ నియమం. అంచు పేడు లేస్తే సన్న గరుకు కాగితంతో రుద్ది నున్న చేస్తారు, నూనె పట్టిస్తారు. బద్ద చీలితే దాన్ని తీసేసి అదే సైజు పాత కర్ర నుంచి మంచి బద్ద వేసుకుంటారు. చీలిక మీద టేపు చుట్టి నెట్టుకురావడం పనికిరాదు. టేపు కింద చీలిక కనపడదు, పెరగడం మానదు.

కొనేముందు చూడవలసినవి

నంబరు కంటే ముందు ఏ తరగతి, ఆడా మగా అన్నది దుకాణదారుకు చెప్పాలి. పిడిని మోచేతి మడతలో ఆనించి చూడాలి. బిళ్ళ తీసి తూయించాలి. పొడుగునా కంటికి ఎదురుగా పెట్టి వంకర ఉందేమో చూడాలి. నాలుగు బద్దల కణుపులూ ఒక వరుసలో, సందులు సమంగా ఉన్నాయో లేదో చూడాలి. తాడు బిగువుగా ఉండాలి, నడిమి కట్టు జారరాదు. వీలైతే రెండు కర్రలు తీసుకోవాలి. సాధన మధ్యలో ఒకటి చీలితే పక్కవాడి కర్ర అరువు తెచ్చుకునే అవసరం ఉండదు. అరువు కర్ర కొలత కుదరడం అరుదు.

పిల్లవాడు పెరిగినప్పుడు కొత్త కర్ర కొనవలసిందే. పాతదాని బద్దలు మంచివైతే తమ్ముడికో చెల్లెలికో పనికొస్తాయి.