మాలీష్ చేస్తే నొప్పి ఎందుకు తగ్గుతుంది? మళ్లీ ఎందుకు వస్తుంది?

 

ముందుగా మనందరికీ తెలిసిన ఒక సీన్ చెప్తాను. సెలూన్‌లో హెయిర్‌కట్ అయిపోయింది. "అన్నా, ఒకసారి హెడ్ మసాజ్ చెయ్యి" అంటాం. తలకు ఆయిల్, భుజాల మీద టపటపా దెబ్బలు, ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది. చివర్లో ఒక చేత్తో గడ్డం, ఇంకో చేత్తో తల పట్టుకుని మెడను టక్‌మని తిప్పేస్తాడు. మనం కూడా "అబ్బ, ఫ్రీ అయింది" అనుకుని లేచి వచ్చేస్తాం.

ఆ మసాజ్ వేరు, చివర్లో ఆ టక్ వేరు. మొదటిది కండరాల మీద చేసే పని, రెండోది మెడ ఎముకల జాయింట్ మీద చేసే పని. ఈ తేడా తెలియకపోతే ఎంత ప్రమాదమో కాసేపట్లో చెప్తాను. ముందు అసలు మసాజ్ ఏం చేస్తుందో చూద్దాం.

సాఫ్ట్ టిష్యూ అంటే ఏంటి?

ఎముక కానిది అనుకోండి చాలు. కండరాలు, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లు, ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే లిగమెంట్లు, వీటన్నిటినీ చుట్టి ఉండే పల్చటి పొర ఫేషియా. వీటి మీద చేత్తో గానీ, చిన్న పరికరంతో గానీ చేసే ట్రీట్‌మెంట్‌నే ఫిజియోథెరపీలో సాఫ్ట్ టిష్యూ మొబిలైజేషన్ అంటారు.

ఇందులో రకాలు ఉన్నాయి. అరచేత్తో మెల్లగా పొడవునా నిమరడం ఒకటి. జొన్న రొట్టెకు పిండి పిసికినట్టు కండను పట్టి పిసకడం ఇంకొకటి. టెండన్ పొడవునా కాకుండా దానికి అడ్డంగా వేలితో రుద్దడం మూడోది. దీన్ని లండన్‌లోని సెయింట్ థామస్ హాస్పిటల్ డాక్టర్ జేమ్స్ సిరియాక్స్ బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇక నాలుగోది, ముట్టుకుంటే చురుక్కుమనే గట్టి చోట వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకోవడం. దాన్నే ట్రిగ్గర్ పాయింట్ రిలీజ్ అంటారు.

మరి నొప్పి ఎలా తగ్గుతుంది?

చాలామంది "లోపల ముడి పడింది, నొక్కితే విడిపోయింది" అంటారు. నిజానికి అక్కడ విప్పడానికి దారం ముడి లాంటిదేమీ ఉండదు. ఫేషియా కూడా చాలా గట్టిది, చేత్తో నొక్కినంత మాత్రాన సాగిపోదు.

జరిగేది వేరే. మోకాలు తలుపుకు తగిలితే వెంటనే ఏం చేస్తాం? చేత్తో రుద్దుకుంటాం. ఎవరూ నేర్పలేదు కదా! ఆ రుద్దుడు స్పర్శ, వెన్నుపాములో నొప్పి సిగ్నల్‌ను కొంత అడ్డుకుంటుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో దీన్నే గేట్ కంట్రోల్ థియరీగా వివరించారు. పైగా ఒళ్లు రిలాక్స్ అవుతుంది, బిగపట్టుకున్న కండ వదులవుతుంది.

అంటే మసాజ్ నొప్పికి కొంతసేపు బ్రేక్ ఇస్తుంది. అది కొన్ని గంటలు ఉండొచ్చు, ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. నొప్పి తెప్పించిన అలవాటు మారకపోతే మళ్లీ వస్తుంది. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: మసాజ్ ఇచ్చిన ఆ టైమ్‌లో మనం కదలాలి, బలం పెంచుకోవాలి. మంచి ఫిజియో పది నిమిషాలు చేత్తో పనిచేసి, తర్వాత మీతోనే ఎక్సర్‌సైజ్ చేయించేది అందుకే.

మన ఊళ్లల్లో ఎలా ఉంటుందో చూద్దాం

మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. అక్కడ హమాలీ అన్న 50 కిలోల బస్తాలు రోజంతా మోస్తాడు. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. ఇంట్లో నూనె పెట్టి మాలీష్ చేస్తే రాత్రి నిద్ర పడుతుంది, మంచిదే. కానీ తెల్లారితే మళ్లీ అదే బస్తా. బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, నడుము మెలితిప్పకుండా కాళ్లతో తిరగడం, తొడలకూ నడుముకూ బలం పెంచుకోవడం, మధ్యలో కాస్త రెస్ట్. అసలు తేడా వీటితోనే వస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే అమ్మలదీ ఇదే కథ. గంటల తరబడి వంగి ఉంటారు కాబట్టి, మధ్యమధ్యలో నిటారుగా లేచి నాలుగు సార్లు వెనక్కి వంగడం కూడా ఒక వైద్యమే.

సూర్యాపేటలో, కోదాడలో రూమ్ తీసుకుని చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లకు మెడ, భుజాల పైభాగం పట్టేస్తాయి. ఎందుకో మీకే తెలుసు, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనే! మీకోసం ఒక చిన్న పద్ధతి చెప్తాను.

ఒక టెన్నిస్ బాల్ తీసుకోండి. గోడకు ఆనుకుని నిలబడి, భుజం వెనక కండకూ గోడకూ మధ్య బాల్ పెట్టండి. నొప్పిగా ఉన్న చోట 30 నుంచి 60 సెకన్లు మెల్లగా ఒత్తండి. నొప్పికి పదికి నాలుగు మార్కులు దాటకూడదు. పళ్లు బిగపట్టి భరిస్తే కండ ఇంకా బిగుసుకుంటుంది. వెన్నెముక మీద, మెడ ముందు భాగంలో మాత్రం అస్సలు వద్దు. అక్కడ పెద్ద రక్తనాళాలు ఉంటాయి.

బాల్ తీసేశాక ఆగిపోవద్దు. గడ్డాన్ని నిటారుగా వెనక్కి లాగడం పది సార్లు, రెండు రెక్కల ఎముకలను దగ్గరకు తేవడం పది సార్లు చేయండి. తర్వాత ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది, ఫ్లోరైడ్. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లలో ఎముకలు, లిగమెంట్లు గట్టిపడిపోతాయి, వెన్ను వంగదు. ఇది కండ పట్టేయడం కాదు. అలాంటి తాతకు బలంగా నొక్కి వెన్ను "వంచుతాం" అంటే ఒప్పుకోవద్దు. డాక్టర్‌కు చూపించి, నొప్పి తగ్గేలా, ఉన్న కదలిక పోకుండా జాగ్రత్తగా చేయించాలి.

ఎప్పుడు అస్సలు చేయకూడదు?

ఈ భాగం స్కిప్ చేయకండి, ప్లీజ్.

ఒకటి, పిక్క. ఒక కాలు పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాలీష్ చేయొద్దు. ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత, కట్టు వేశాక, కాన్పు తర్వాత, లాంగ్ జర్నీ తర్వాత. అది లోపలి సిరలో రక్తం గడ్డ కావచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకు వెళ్తే ప్రాణాపాయం. అదే రోజు హాస్పిటల్‌కు వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే వెంటనే 108.

రెండు, మోచెయ్యి. పిల్లలు పడి మోచెయ్యి వాస్తే నూనె రాసి గుంజి మాలీష్ చేయిస్తాం. "చెయ్యి తొందరగా చాపాలె" అని బలవంతంగా సాగదీస్తాం. దీనివల్ల కండలోనే ఎముక పెరిగి, చెయ్యి సరిగ్గా ముడవరాకుండా ఆగిపోవచ్చు. ముందు ఎక్స్‌రే. మాలీష్ వద్దు, బలవంతంగా సాగదీయడం వద్దు.

మూడు, నడుము నొప్పితో పాటు కాలు బలం తగ్గినా, కూర్చునే భాగం మొద్దుబారినా, మూత్రం మీద కంట్రోల్ పోయినా అది ఎమర్జెన్సీ.

నాలుగు, జ్వరం, గాయం, చర్మం మీద ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ నడుస్తున్నా డాక్టర్‌ను అడగకుండా వద్దు.

ఇక మొదట చెప్పిన సెలూన్ టక్. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు నాళాలు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా వెళ్తాయి. మెడను ఒక్కసారిగా మెలితిప్పితే అరుదుగా ఆ నాళం లోపలి పొర చిరిగి, పక్షవాతం రావచ్చు. వందసార్లు ఏమీ కాలేదు కదా అనొచ్చు. కానీ ఆ ఒక్కసారి జరిగితే వెనక్కి తీసుకోలేం. ఆ సౌండ్ కూడా జాయింట్‌లో గ్యాస్ బుడగది, ఏదో సెట్ అయినట్టు కాదు.

కాబట్టి ఈసారి కుర్చీలో కూర్చోగానే ముందే చెప్పండి: "అన్నా, మసాజ్ ఓకే, మెడ మాత్రం తిప్పకు." ఆయన ఏమీ అనుకోడు. ఇంట్లో నాన్న, తాత సెలూన్‌కు వెళ్తుంటే వాళ్లకు కూడా ఈ మాట చెప్పి పంపండి.

సరే ఫ్రెండ్స్, ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ఒకసారి లేచి భుజాలు కదపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.