శ్లాబుకు నీరే బలం.. నీరే ముప్పు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సామగ్రి తామే కొని, కూలిని మాత్రం మేస్త్రీకి గుత్తకు ఇచ్చి, దగ్గరుండి ఇల్లు కట్టించుకునే వారికి ఈ మాటలోని కష్టం బాగా తెలుసు. ఇనుము, సిమెంటు ధరల వద్ద పైసాపైసా చూసుకునే యజమానులు నీటి లెక్కను మాత్రం మేస్త్రీకే వదిలేస్తుంటారు. కొన్నేళ్లకే శ్లాబు పెచ్చులూడటానికి చాలాచోట్ల ఇదే కారణమవుతుంది.

కలిపేటప్పుడు కొలత తప్పనిసరి

పలుచని కాంక్రీటును మోయడం, పరచడం తేలిక. అందుకే మిక్సరులో అదనంగా నీళ్లు పోస్తుంటారు. అవసరానికి మించిన నీరు ఆవిరైపోయి ఆ స్థానంలో సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. వాటి గుండా తేమ చేరి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పుతో ఉబ్బిన చువ్వ కాంక్రీటును పగులగొడుతుంది.

ఇళ్ల శ్లాబులకు సాధారణంగా వాడే ఎం20 కాంక్రీటులో ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలుపుతారు. ఐఎస్ 456 నిబంధనల ప్రకారం 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. 20 లీటర్ల డబ్బాతో కొలిస్తే ఒకటిన్నర డబ్బాలే.

వేశాక తడి ఆరనీయరాదు

శ్లాబు వేసిన తర్వాత పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు ఎంత తడి ఉంటే అంత బలం. సాధారణ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, ఎండలు మండే కాలంలో 10 రోజులు తడపాలి. బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు 14 రోజుల వరకు తడపడం మేలు. ఏ రకమో బస్తాపైనే ముద్రించి ఉంటుంది. పూటకోసారి నీళ్లు చల్లితే చాలదు. మడులు కట్టి నీరు నిలపాలి. స్తంభాలకు గోనెసంచులు చుట్టి తడపాలి.

తొందర వద్దు

అద్దె మిగులుతుందని సెంట్రింగు ముందే విప్పితే శ్లాబు కుంగే ప్రమాదముంది. సాధారణ సిమెంటుతో వేసినా, నాలుగున్నర మీటర్లలోపు శ్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఆసరా ఉంచాలి. పీపీసీ అయితే మరికొన్ని రోజులు ఆగాలి.

శ్లాబు తడిపే బాధ్యత ఎవరిదో మేస్త్రీతో ఒప్పంద కాగితంలోనే రాసుకోవాలి. వేసవిలో బోరు ఎండిపోయే చోట శ్లాబు ముహూర్తం కన్నా ముందు ట్యాంకరు నీటిని ఖాయం చేసుకోవడం ఉత్తమం.