మంచి మందు, పిచ్చి మందు: గుండెకు తెలియని తేడా

ఆలంపూర్ చౌరస్తా నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే పుల్లూరు టోల్‌ప్లాజా, తుంగభద్ర వంతెన, అది దాటితే కర్నూలు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. దాంతో ఈ వంతెన మీద కొత్త రాకపోకలు మొదలయ్యాయి. ఇవతలి తెలంగాణ వైన్సుల్లో కొన్న సీసాలు అవతలికి పోయేవి, పంచలింగాల చెక్‌పోస్టులో దొరికిపోయేవి. 2024 అక్టోబరులో అక్కడ మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. అప్పటి నమ్మకం ఒకటి మాత్రం నదికి రెండు గట్ల మీదా మిగిలిపోయింది: గుండె దడ పుట్టించేది ప్రభుత్వ దుకాణాల్లో అమ్మిన ఆ పిచ్చి బ్రాండ్లేనట, మంచి సరుకు తాగితే ఏమీ కాదట.

కల్తీ సారాలో మిథనాల్ కలిస్తే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. అది వేరే ప్రమాదం. గుండె లయను చెడగొట్టేది మాత్రం ఏ సీసాలోనైనా ఉండి తీరాల్సిన ఇథనాలే. గుండె పై గదుల్లోని కణాలు ఒకసారి స్పందించాక మళ్లీ స్పందించే ముందు క్షణకాలం విశ్రాంతి తీసుకుంటాయి. ఆల్కహాల్ ఆ విరామాన్ని కుదిస్తుంది. కాలేయం దాన్ని విరిచినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ గుండెను ఇంకా రెచ్చగొడుతుంది. మూత్రం ఎక్కువై, వాంతులై ఒంట్లోని పొటాషియం, మెగ్నీషియం తగ్గితే లయ తప్పడం మరింత సులువు. సీసా మీద లేబుల్ ఏ రాష్ట్రానిదన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు.

"కల్లు మందు కాదు, చెట్టు పాలు"

పాలమూరు పల్లెల్లో ఇంతకంటే గట్టి నమ్మకం ఇంకోటి ఉండదు. కల్లు చలువ చేస్తుందని, కడుపు శుభ్రపడుతుందని, పొద్దంతా చేన్ల పనిచేసి వచ్చినోళ్లకు ఒళ్లునొప్పులు తగ్గుతాయని చెబుతారు. ఆడవాళ్లూ తాగుతారు, ఎవరూ తప్పుపట్టరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతున్నారు. కల్లును మందు కింద లెక్కేయని మనుషులు సర్వే వాళ్లకు ఏం జవాబు చెప్పి ఉంటారో అని నాకు కొంచెం అనుమానమే.

గౌడన్న పొద్దున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. అయినా లొట్టిలో పడ్డ క్షణం నుంచే అది పులుస్తూ ఉంటుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మామూలుగా అందులో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. 5 శాతం అనుకున్నా 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం అని రాసి ఉన్న విస్కీ 90 మిల్లీలీటర్లు తాగితే 30 గ్రాములు. ఇక "బీరేగా" అని తీసిపారేసే స్ట్రాంగ్ బీరు 7 శాతం ఉంటే ఒక్క సీసాలోనే దాదాపు 36 గ్రాములు! రెండు సీసాల కల్లు తాగి, వైన్స్ ముందు నిలబడినవాణ్ని చూసి పెదవి విరిచే పెద్దమనిషి నిజానికి అతనికంటే ఎక్కువే తాగి ఉండొచ్చు.

ఇదంతా అసలు కల్లు లెక్క. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నచోట డిపోల్లో పోసేది వేరు. నీళ్లు, చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వేస్తారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలకు ఈ బెడద పాతదే. వీటిలో గుండె లయతో నేరుగా చెలగాటమాడేది క్లోరల్ హైడ్రేట్. ఒంట్లో అది ఇంకో రసాయనంగా మారి, అడ్రినలిన్‌కు గుండె అతిగా స్పందించేలా చేస్తుంది. మోతాదు మించితే కింది గదుల లయే తప్పుతుంది. పై గదుల లయ తప్పితే ఆసుపత్రికి చేరేందుకు సాధారణంగా వ్యవధి ఉంటుంది. కింది గదులు అదుపు తప్పితే ఆ వ్యవధి నిమిషాల్లోకి వస్తుంది. ఆల్కహాల్ తోడైతే మత్తు రెట్టింపవుతుంది, ఊపిరి మందగిస్తుంది. తాగేవాడికి తాను ఏం తాగాడో తెలియదు, ఎంత తాగాడో అంతకన్నా తెలియదు.

"మావోడు రోజూ తాగడు, పండగకే"

పండగకే తాగేవాళ్ల జబ్బుకు వైద్యంలో పేరే ఉంది. 1978లో అమెరికాలోని న్యూజెర్సీలో ఫిలిప్ ఎటింగర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక సంగతి గమనించారు. బాగా తాగే అలవాటున్న కొందరు లయ తప్పిన గుండెతో ఆదివారం నుంచి మంగళవారం మధ్యలో, లేదంటే సంవత్సరాంతపు సెలవుల్లో ఆసుపత్రికి వస్తున్నారు. దానికి వాళ్లు 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టారు. రోజూ తాగనివాళ్లకూ ఒక్కరోజు ఎక్కువైతే ఇది రావచ్చని తర్వాత తేలింది. 2015లో జర్మనీలోని మ్యూనిక్ బీరు జాతరలో తాగిన మూడు వేల మందికి పైగా జనానికి అక్కడికక్కడే ఊపిరి పరీక్ష చేసి, ఫోనుకు తగిలించిన పరికరంతో ఈసీజీ తీశారు. ముప్పై శాతం మందిలో లయ మామూలుగా లేదు. చాలామందిలో కనిపించింది గుండె వేగమే. నెత్తురులో ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఆ తేడా పెరిగింది.

దసరా, పెద్దల అమావాస్య, కందూరు మన దగ్గర ఆ జాతరకు ఏం తీసిపోవు. వారం తాగనిదంతా ఒక్క పూట తాగడం, అర్ధరాత్రి దాటినా నిద్ర లేకపోవడం, కారం మాంసం, తెల్లారి వాంతులు, నీళ్లు తాగకపోవడం. గుండె లయ తప్పడానికి కావలసిన సరంజామా అంతా ఒకేచోట సమకూరుతుంది.

"ఆ దడ గ్యాసే, సోడా తాగు"

ఒక్కోసారి గ్యాసే కావచ్చు. కానీ తాగిన రాత్రో మర్నాడో గుండె ఒక కొట్టుకు, ఇంకో కొట్టుకు సంబంధం లేకుండా కొట్టుకుంటుంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయ్యే అవకాశం ఉంది. పై గదులు ముడుచుకోవడం మాని జ్వరం వచ్చినట్టు వణుకుతాయి. నెత్తురు అక్కడ నిలిచి గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఈ లయ దోషం ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు ఎక్కువ. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరంతో గుండె కవాటం దెబ్బతిన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. అలాంటివాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

దడ దానంతటదే తగ్గిందని ఊరుకోవడం కూడా పొరపాటే. వచ్చిపోయే ఫిబ్రిలేషన్‌తోనూ గడ్డలు పుడతాయి. మణికట్టు దగ్గర మూడు వేళ్లు పెట్టి ఒక నిమిషం నాడి చూడండి. కొట్టు కొట్టుకీ మధ్య ఎడం ఇష్టమొచ్చినట్టు మారుతుంటే, దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించాలి. మర్నాటికి ఆనవాలు దొరకకపోవచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం ఉంటే సోడా ఊసెత్తకుండా 108కి ఫోన్ చేయడమే.

"రోజుకో పెగ్గు గుండెకు మంచిదని డాక్టర్లే అన్నారు"

ఒకప్పుడు అన్నవాళ్లున్నారు, రెడ్ వైన్ పేరు చెప్పి. అది కూడా గుండె రక్తనాళాల గురించి, లయ గురించి కాదు. ఐరోపాలో లక్షా ఏడు వేల మందికి పైగా జనాన్ని దాదాపు 14 ఏళ్లు గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. రోజుకు 12 గ్రాముల ఆల్కహాల్, అంటే అరసీసా కల్లు కూడా కానంత, తాగేవాళ్లకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు అసలు తాగనివాళ్లకంటే 16 శాతం ఎక్కువ. ఇంత తాగితే ఫరవాలేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

"ఇప్పుడు మానితే మాత్రం ఏం లాభం?"

లాభం ఉంది, కొలిచి చూశారు కూడా. ఆస్ట్రేలియాలో ఫిబ్రిలేషన్ ఉండి తాగే అలవాటున్న 140 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మానేసింది, రెండో జట్టు ఎప్పటిలా తాగింది. ఆరు నెలల్లో తాగినవాళ్లలో 73 శాతం మందికి లయ మళ్లీ తప్పింది, మానినవాళ్లలో 53 శాతం మందికే. 2020లో వచ్చిన ఈ ఫలితం మందు మానితే ఆ రోగులకు లయ మళ్లీ తప్పడం తగ్గుతుందని చూపించింది. ఒక అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. తాగే రోజు బీపీ మాత్ర, నెత్తురు పలచన చేసే మాత్ర మానేస్తుంటారు, రెండూ కలిస్తే పడదని. మాత్ర మానేసి తాగితే పక్షవాతానికి దారి తెరిచినట్టే. వార్‌ఫరిన్ వేసుకుంటూ తాగితే నెత్తురు కారే ముప్పు. వాటిలో వదులుకోవాల్సింది ఏదో డాక్టరును అడగక్కర్లేదు.

"మానాలనుకుంటే ఒక్కరోజులో మానేయాలి"

రోజూ ఎక్కువగా తాగేవాళ్లకు ఇది ప్రమాదం. 2015లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు ముమ్మరమై సరఫరా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులకు జనం వరసకట్టారు. చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, పిచ్చి మాటలు మాట్లాడుతూ. ఒంటికి అలవాటైన అల్ప్రాజోలం హఠాత్తుగా అందకపోతే జరిగేది అదే. ఆల్కహాల్ విషయంలోనూ అంతే: ఆపిన మొదటి రెండు మూడు రోజుల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి, లయ తప్పొచ్చు. ఆసుపత్రిలో అయితే మాత్రలు ఇచ్చి, వాటి మోతాదును క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తారు, థయమిన్ విటమిన్ ఇస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14416 టెలీ మానస్‌కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. గద్వాల పోయినా, వంతెన దాటి కర్నూలు పెద్దాసుపత్రికి పోయినా సిగ్గుపడకుండా రెండు విషయాలు చెప్పండి: రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి తాగింది ఎప్పుడు. కల్లయితే చెట్టు కిందిదా డిపోదా అన్నదీ చెప్పండి, దాన్ని బట్టి వైద్యం మారుతుంది.