కుక్కను చూసుకునే తమ్ముడు మధ్యాహ్నం డుమ్మా కొట్టాడు: కెమెరాను నమ్మాలా, మనిషిని నమ్మాలా?

ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచేవాళ్లకు ఊరెళ్లాలంటే మొదట వచ్చే టెన్షన్ ఒక్కటే. దాన్ని ఎవరికి అప్పగించాలి? "వై-ఫై కెమెరా ఒకటి పెట్టేస్తే సరి, ఫోన్‌లోనే అన్నీ చూసుకోవచ్చు" అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. గత ఏప్రిల్ చివరి వారంలో నాలుగు రోజులు బెంగళూరు వెళ్లి వచ్చాక ఆ అభిప్రాయం మారింది. కెమెరా పాడైపోలేదు, చక్కగానే పనిచేసింది. అయినా నేను తప్పుగా అర్థం చేసుకున్నా. ఆ కథ, దాంతో పాటు ఏ గ్యాడ్జెట్ ఎంతవరకు పనికొస్తుందో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

సెటప్ ఏంటంటే

మాది కదిరి. ఏప్రిల్‌లో ఇక్కడి ఎండ గురించి అనంతపురం వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. టెంపరేచర్ 40 డిగ్రీల దగ్గర ఆడుతూ ఉంటుంది. మా బ్రౌనీ నాటు కుక్క, వయసు నాలుగేళ్లు. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు కుక్కలకు లేదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే అవి ఒంటి వేడి తగ్గించుకుంటాయి. రొప్పేకొద్దీ ఒంట్లో నీళ్లు పోతాయి. అందుకే ఈ సీజన్‌లో తిండి ఒక పూట లేటైనా పర్లేదు గానీ నీళ్లు లేటైతే ప్రమాదం.

వెనక వీధిలో డిగ్రీ చదివే తమ్ముడు ఒకడున్నాడు. బ్రౌనీకి వాడంటే ఇష్టం. రోజుకు 150 రూపాయలు ఇస్తానని మాట్లాడుకున్నాం. పొద్దున ఒక వాక్, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి నీళ్లు మార్చి ఫోటో పంపడం, సాయంత్రం అరగంట వాక్, తర్వాత తిండి. వరండాలో 1080పీ వై-ఫై కెమెరా ఉందని, రికార్డ్ అవుతుందని వాడికి ముందే చెప్పా. మైక్రో ఎస్‌డీ కార్డ్ వేశా, మోషన్ అలర్ట్స్ ఆన్ చేశా, బస్సెక్కా.

మూడో రోజు

మొదటి రెండు రోజులు అంతా సాఫీగా నడిచింది. మూడో రోజు ఒంటిగంట దాటాక వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నిండు గిన్నె, పక్కన బ్రౌనీ. కింద "నీళ్లు పెట్టినా అన్నా" అని మెసేజ్.

ఫోటోలో ఏదో తేడా కొట్టింది. మా గేటు తూర్పు వైపు ఉంటుంది. ఫోటోలో గేటు చువ్వల నీడ వరండా దాకా పొడుగ్గా సాగి ఉంది. కదిరి సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ దాదాపు నడినెత్తిన ఉంటాడు. 'జీరో షాడో డే' అంటారే, అది మనకు వచ్చేది ఆ రోజుల్లోనే. ఒంటిగంటకు గేటు నీడ గేటు కిందే ఉండాలి. పడమటి వైపు అంత పొడుగ్గా సాగిందంటే అది పొద్దున తీసిన ఫోటో.

వెంటనే కెమెరా యాప్ ఓపెన్ చేశా. 'ఆఫ్‌లైన్' అని చూపించింది. 11:40కి కరెంటు పోయింది. 2:20కి వచ్చింది. లైవ్ రాగానే చూస్తే స్టీలు గిన్నె బోర్లా పడి ఉంది. చుట్టూ చుక్క తడి లేదు. బ్రౌనీ గిన్నె పక్కనే పడుకుని రొప్పుతోంది. కంగారులో కెమెరా స్పీకర్‌లో "బ్రౌనీ" అని పిలిచా. పాపం అది లేచి, నేను ఎక్కడున్నానా అని కెమెరా వెనక్కి వెళ్లి వెతుక్కుంది. ఆ ఫీచర్ మళ్లీ వాడలేదు.

పక్కింటి అత్తకు ఫోన్ చేశా. ఆమె దగ్గర మా గేటు తాళం లేదు. గోడ మీద నుంచి ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లు దింపింది. బ్రౌనీ తల ఎత్తకుండా తాగడం స్క్రీన్ మీద చూశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ సాయంత్రం అలర్ట్స్ కూడా చూశా. 5:42కి తమ్ముడు బ్రౌనీని తీసుకుని గేటు దాటాడు. 5:49కి వెనక్కి వచ్చాడు. అరగంట అని చెబితే ఏడు నిమిషాలు. ఇంకేముంది, వీడితో పని అయిపోయిందని అప్పుడే డిసైడ్ అయిపోయా.

ఎదురుగా అడిగితే

ఊరికి వచ్చాక ఫోన్‌లో కాకుండా ఇంటికే పిలిచి అడిగా. "ఏం తమ్ముడూ, మొన్న మధ్యాహ్నం వచ్చినావా?"

కాసేపు నేల చూశాడు. "రాల్యా అన్నా. కాలేజీలో ప్రాక్టికల్స్ ఉన్న్యాయి. పొద్దున్నే గిన్నె నిండా పోసి పోయినా. చాలుతాయిలే అనుకుంటి."

"మరి ఫోటో?"

"అది పొద్దున తీసిందే అన్నా. నువ్వు ఊరి కాడ టెన్షన్ పడతావని పంపినా. తప్పే."

"సాయంత్రం కూడా ఏడు నిమిషాలకే తిరిగొచ్చినావే?"

ఇక్కడ మాత్రం తలెత్తి చూశాడు. "రోడ్డు కాలిపోతాండె అన్నా. అది ఒక్కో కాలు ఎత్తి ఎత్తి పెడ్తాండె. అందుకే వెనక్కి తీసుకొచ్చినా. చీకటి పడినాక మళ్లీ తీసుకుపోయినా, నీ కెమెరాలోనే చూడు."

చూశా. 7:50కి బయటికి, 8:25కి లోపలికి. నేను ఆరు గంటల దాకా చూసి, కోపంతో యాప్ క్లోజ్ చేసేశా. ఎండకు కాలిన తారు రోడ్డు సాయంత్రం ఐదున్నర దాటినా వేడి వదలదు. అరచెయ్యి వెనక భాగం రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, కుక్క పాదాలకూ అది కాలుతున్నట్టే లెక్క. వాడు చేసింది కరెక్టు.

అంటే, కెమెరాలో చూసి నేను మోసం అనుకున్నది నిజానికి జాగ్రత్త. అసలు తప్పు జరిగింది కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు. కెమెరా ఏం జరిగిందో చూపిస్తుంది, అది కూడా కరెంటు ఉంటేనే. ఎందుకు జరిగిందో మనిషినే అడగాలి.

మళ్లీ నమ్మాలా? మూడు ప్రశ్నలు

మొదటిది: తగ్గించింది ఏంటి? పని ఎగ్గొట్టడం అంతా ఒకటే కాదు. వాక్ పది నిమిషాలు తగ్గినా, గిన్నె సరిగా కడగకపోయినా చెప్పి సరిచేసుకోవచ్చు. ఏప్రిల్ ఎండలో నీళ్లు చూసే రౌండ్ ఎగ్గొట్టడం అలాంటిది కాదు. ఇది పెద్ద తప్పే, దీన్ని చిన్నది చేసి చెప్పను.

రెండోది: దాచాడా, చెప్పాడా? నన్ను ఎక్కువ బాధపెట్టింది రాకపోవడం కాదు, ఆ ఫోటో. "ఈరోజు రాలేను అన్నా" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే పదకొండింటికే అత్తకు ఫోన్ చేసేవాడిని. ఫోటో చూసి నేను నిశ్చింతగా ఉండిపోయి ఉంటే ఆ రెండు మూడు గంటలు ఇంకా ఎక్కువయ్యేవి. కాకపోతే అడిగిన వెంటనే, ఒక్క సాకు లేకుండా ఒప్పుకున్నాడు. అడిగాక కూడా అబద్ధం ఆడి ఉంటే ఈ ఆర్టికల్ ఇక్కడితో అయిపోయేది.

మూడోది: ఇందులో నా వాటా ఎంత? ఇది ఇష్టం లేకపోయినా వేసుకోవాల్సిన ప్రశ్న. తేలికపాటి స్టీలు గిన్నె పెట్టింది నేను. నాలుగు రోజులకు ఒక్కటే గిన్నె. స్పేర్ తాళం ఎవరికీ ఇవ్వలేదు. "రాలేకపోతే ఎవరికి చెప్పాలి" అన్న మాటే మా మధ్య రాలేదు. 150ని మూడు రౌండ్లకు పంచితే రౌండ్‌కి 50 రూపాయలు. ఇంకో మాట, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11లో, పెంపుడు జంతువుకు చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం యజమాని తప్పుగానే రాసి ఉంది. "వేరేవాళ్లకు అప్పగించా" అన్నంత మాత్రాన నా బాధ్యత తీరిపోదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు రోవర్ యాప్ తెలిసే ఉంటుంది. 2011లో సియాటిల్‌లో మొదలైంది. కుక్కను తిప్పాక ఎంతసేపు తిప్పారు, ఏ దారిలో తిప్పారు అని మ్యాప్, ఫోటోలతో రిపోర్ట్ వస్తుంది. నచ్చకపోతే రివ్యూ రాసి ఇంకొకరిని చూసుకోవచ్చు. కదిరిలో అలా కాదు. ఇక్కడ రేటింగ్ టీ అంగడి దగ్గర పడుతుంది. "ఆ పిల్లోడు సరిగా చూడల్యా" అని నేను ఒక్క మాట అంటే, రేపు వాడికి ఎవరూ ఇల్లు అప్పగించరు. ఒక ప్రాక్టికల్స్ రోజు చేసిన తప్పుకు అంత పెద్ద శిక్ష వేయాలా? అలాగని మొహమాటానికి పోయి బ్రౌనీ ప్రాణం మీదికి తేవాలా? ఈ రెండింటి మధ్య ఆలోచించి ఒకటి డిసైడ్ చేశా. వాడినే ఉంచాలి, కానీ పద్ధతి మార్చాలి. మొదట ఒక్క రోజు ట్రయల్. అది బాగుంటేనే రెండు రోజులు.

మార్చిన సెటప్: ఏది పనికొస్తుంది, ఏది రాదు

నీళ్లు: అన్నిటికంటే బెస్ట్ అప్‌గ్రేడ్ ఇదే, యాప్ అక్కర్లేదు. బోర్లా పడని బరువైన రాతి తొట్టి ఒకటి, మట్టి తొట్టి ఒకటి, రెండూ నీడలో వేర్వేరు చోట్ల.

పవర్ బ్యాకప్: మన ఊళ్లలో కెమెరా 'ఆఫ్‌లైన్' అంటే ముందు అనుమానించాల్సింది కరెంటును. చాలా రౌటర్లు 12 వోల్ట్‌లతో నడుస్తాయి. వాటికోసం మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. 5 వోల్ట్ యూఎస్‌బీ పవర్‌తో నడిచే కెమెరా అయితే పవర్ బ్యాంక్‌కి కూడా పెట్టొచ్చు. కాకపోతే అన్ని పవర్ బ్యాంక్‌లూ ఛార్జ్ అవుతూనే పవర్ ఇవ్వవు, కొనే ముందు అది చూసుకోండి.

ఫోటో బదులు వీడియో కాల్: వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫోటోకు తీసిన టైమ్, లొకేషన్ లాంటి వివరాలు తీసేయబడతాయి. 'డాక్యుమెంట్'గా పంపితే ఒరిజినల్ ఫైల్ వస్తుంది కాబట్టి ఆ వివరాలు ఉంటాయి. కానీ ప్రతి రోజూ వాడి ఫోటోను పోలీసులా చెక్ చేయడం నాకు నచ్చలేదు. మధ్యాహ్నం ముప్పై సెకన్ల వీడియో కాల్ చాలు. బ్రౌనీని నేనూ చూసుకున్నట్టు ఉంటుంది.

బ్లూటూత్ ట్యాగ్: ఎయిర్‌ట్యాగ్ లాంటివి కుక్క మెడకు కడదామని చాలామందికి అనిపిస్తుంది. ఇవి జీపీఎస్ ట్రాకర్లు కావు. చుట్టుపక్కల వెళ్లే ఫోన్ల ద్వారా లొకేషన్ పంపిస్తాయి. ఎయిర్‌ట్యాగ్‌కు యాపిల్ డివైజ్‌లే దగ్గరలో ఉండాలి. పైగా అది వస్తువుల కోసమే గానీ పెంపుడు జంతువుల కోసం కాదని యాపిలే చెప్పింది. చిన్న ఊరి సందుల్లో వాక్ ఎంతసేపు జరిగిందో దీంతో తేల్చాలనుకుంటే అనవసరంగా గొడవ పెట్టుకోవడమే. నేను కొనలేదు.

ఆటోమేటిక్ ఫీడర్: డ్రై ఫుడ్ తినే కుక్కలకు ఓకే. మా బ్రౌనీ తినేది రాగి సంగటి, పెరుగన్నం. సంగటి ముద్దను టైమ్‌కి వడ్డించే మెషీన్ నేనింకా చూడలేదు.

కెమెరా: తీసేయలేదు. అయితే వరండా, గేటు వరకే కనిపించేలా తిప్పి, ఆడియో రికార్డింగ్ ఆఫ్ చేశా. వాడు కూర్చుని ఫోన్ మాట్లాడుకునే చోటును నేను వినాల్సిన పని లేదు. క్లిప్ చూసి కోపం వస్తే, ఆ రోజు మొత్తం రికార్డింగ్ చూసేదాకా ఫోన్ చేయకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నా.

మనుషులు: స్పేర్ తాళం అత్త దగ్గర ఉంటుంది. రోజుకు 250. సాయంత్రం వాక్ టైమ్ రోడ్డు వేడి చూసి వాడే డిసైడ్ చేస్తాడు. రూల్ మాత్రం ఒక్కటే: రాలేకపోతే ముందే చెప్పాలి, చెబితే డబ్బు కట్ కాదు. అబద్ధం ఫోటో ఇంకొక్కటి వస్తే మాత్రం అదే చివరి రోజు.

ట్రయల్ రిజల్ట్

జూన్‌లో ఒక రోజు పనిమీద అనంతపురం వెళ్లా. పదకొండింటికి మెసేజ్ వచ్చింది. "అన్నా, బస్సు లేటు. ఒంటిగంటకు రాలేను. అత్తకు చెప్పినా, ఆమె నీళ్లు పోస్తాది. నేను రెండుకు వస్తా."

కెమెరా ఓపెన్ చేయబోయి ఆగిపోయా. రెండు దాటాక వీడియో కాల్ వచ్చింది. స్క్రీన్ నిండా బ్రౌనీ ముక్కు, వెనక నుంచి తమ్ముడి గొంతు. "చూడన్నా, రెండు తొట్లూ నిండుగుండాయి."

దసరాకు రెండు రోజులు ఊరెళ్లాలి. ఈసారి వేరేవాళ్లను వెతకడం లేదు.