అభ్యర్థిని నిలుపువా రెవరు?



అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుని ప్రజలే యెన్నుకొందురని మన మందఱము వినియున్నాము. నాలుగేండ్ల కొకసారి నవంబరు మాసమున ఆ యెన్నిక జరుగును. కాని ఆనాడు ఓటరు ఎదుట నిలుచు ముఖ్యమైన పేర్లు రెండే. డెమోక్రాటికు పక్షమువా రొకరు, రిపబ్లికను పక్షమువా రొకరు. అంతటి దేశమున ఆ యిద్దఱినే తెచ్చి నిలిపిన దెవరు? మనవారు టిక్కెట్టు అందురే, అది యిచ్చుచున్న దెవరు?

ఆ దేశపు రాజ్యాంగములో దీనికి సమాధానము లేదు. 1787లో దానిని వ్రాసిన పెద్దలు, అధ్యక్షుడు పుట్టుకచేతనే ఆ దేశపౌరుడై యుండవలెననియు, 35 ఏండ్లు నిండియుండవలెననియు, 14 ఏండ్లు అచట నివసించి యుండవలెననియు విధించిరేగాని, రాజకీయపక్షముల మాట యెత్తనే లేదు. తొలిదినములలో పక్షమునకు చెందిన శాసనసభ్యులు కూడి యొక పేరు నిర్ణయించెడివారు. 1824తో ఆ పద్ధతి చెల్లిపోయెను. పిమ్మట రాష్ట్రములనుండి ప్రతినిధులను రప్పించి మహాసభ జరుపుట ఆచారమయ్యెను. ఆ ప్రతినిధులను పంపువారు స్థానిక నాయకులు. వారి చేతిలోనే అంతయు నుండెను.

ఆ పద్ధతి చెడ్డదని యొక్కమాటలో త్రోసివేయరాదు. 1860లో రిపబ్లికనులు చికాగోలో కూడినపుడు న్యూయార్కు సెనేటరు సివార్డు పేరు మాఱుమ్రోగుచుండెను. మొదటి విడతలో ఆయనకు 173½ ఓట్లు, లింకనునకు 102. గెలుపునకు 233 కావలెను. లింకను ఆ సభకు రానేలేదు. స్ప్రింగుఫీల్డులో తన యింటిపట్టుననే యుండెను. ఆయన మిత్రులు ప్రతినిధుల విడిదులకు పోయి, మొదటి యోటు ఎవరికిచ్చినను సరే, మీవాడు గెలువనిచో పిదప మా లింకనును తలచుకొనుడని వేడుకొనిరి. సివార్డునకు మిత్రులెంత మందియో విరోధులును అంతమంది. మూడవ విడతలో లింకను గెలిచెను.

ఆ కాలమున పదవిని తానై యడుగుట మర్యాద గాదు. ఆశ యున్నవాడును లేనట్లే కనబడవలెను. 1884లో సేనాని షెర్మను మాత్రము, నన్ను నిలిపినను ఒప్పుకొనను, ఎన్నుకొన్నను పనిచేయనని ఖండితముగ తెలిపెను. అంత గట్టిగా వలదన్నవా రరుదు. తక్కినవారి ‘వద్దు’లో ‘కావలెను’ అను మాట వినగలుగుటయే అచటి విలేఖరుల విద్య.

పెద్దల పద్ధతి ఎంతవఱకు చెడగలదో 1924లో తేటపడెను. ఆ యేడు డెమోక్రాటులు న్యూయార్కులో జూను 24న సభ తీర్చి జూలై 9 వఱకు లేవలేదు. ఒకవైపు మాజీమంత్రి మెకాడూ. ఆయన బలము పల్లెలది, మద్యనిషేధము కోరువారిది. రెండవవైపు న్యూయార్కు గవర్నరు స్మిత్తు. ఆయన రోమను కాథలికుడు, నగరవాసుల మనిషి. కూ క్లక్స్ క్లాను అను విద్వేష సంఘమును పేరెత్తి ఖండింపవలెనను తీర్మానము అత్యల్ప భేదముతో వీగిపోయెను. అటుపిమ్మట ఒకరి ముఖ మొకరు చూడలేదు. 1,098 ఓట్లలో మూడింట రెండువంతులు, అనగా 732, వచ్చినగాని టిక్కెట్టు లేదను నియమము వారిని మఱింత బిగించెను.

రేడియో శ్రోతలకు ఇచట నొక ముచ్చట గలదు. ఆ సభ రేడియోలో ప్రసారమయ్యెను. ప్రతి విడతకును రాష్ట్రములను అక్షరక్రమమున పిలిచెదరు. మొదటిది అలబామా. దాని గవర్నరు లేచి, తమ 24 ఓట్లును అండర్‌వుడ్డునకేయని సాగదీసి పలికెడివాడు. వినివిని సభలోని జనమే ఆయనతో గొంతు కలుపజొచ్చిరి. తుదకు 103వ విడతలో, ఇరువురిని విడిచి, డేవిసు అను న్యాయవాదిని నిలిపిరి. నవంబరులో ఆయన ఓడిపోయెను. మూడింట రెండువంతుల నియమమును 1936లో గాని తీసివేయలేదు.

ఇంతలో ‘ప్రైమరీ’లు వచ్చినవి. అనగా అభ్యర్థి యెవరను విషయమున పక్షపు సామాన్య ఓటర్లే ముందుగా ఓటు వేయుట. అవి పుట్టినది ఇరువదవ శతాబ్దారంభముననే యైనను, చాలకాలము అలంకారప్రాయముగ నుండెను. 1968లో వియత్నాం యుద్ధమువలన దేశము కలతపడియుండ, ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనైన పోటీచేయకయే చికాగో సభలో టిక్కెట్టు పొందెను. వెలుపల వీథులలో పోలీసులు నిరసనకారులను మోదుచుండిరి. హంఫ్రీ ఓడిన తరువాత పక్షమువారు నియమములు మార్చిరి. 1972 నుండి ప్రతినిధులలో అధికసంఖ్యాకుల నిర్ణయము ఓటర్ల చేతికి వచ్చెను.

దానితో ఆశావహుల నడవడియు మాఱెను. వలదనుట పోయి, రెండేండ్లు ముందుగనే ఊరూర తిరుగుట వచ్చెను. జార్జియా మాజీ గవర్నరు కార్టరు అయోవా రాష్ట్రమున కార్యకర్తల యిండ్ల బస చేయుచు, చేయి కలుపుచు తిరిగెను. అయోవాలో ఇరుగుపొరుగువారు బడిలోనో యింటిలోనో కూడి తమ మతము తెలుపుదురు, మన రచ్చబండవంటిదే. 1976లో అచట ‘ఎవరికిని కట్టుబడము’ అన్నవారే అధికులు. అయినను పేరున్నవారిలో మొదటివాడు కార్టరు కాగా, ఆ పేరే దేశమంతట ప్రాకెను. ఆ సంవత్సరమే ఆయన అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను.

నా యభిప్రాయమున తలుపు తెఱచుటయే మేలు. కాని ప్రైమరీకి వచ్చి ఓటువేయువారు నవంబరు ఓటర్లకంటె చాల తక్కువ. వారిలోను ఉద్రిక్తులే ముందు వచ్చెదరు. వెనుకటి నాయకులకు లోపములెన్నియున్నను, మనిషిని దగ్గఱనుండి చూచినవారు. మాట నిలుపువా డెవడో, కోపమున తొట్రుపడువా డెవడో వారెఱుగుదురు. ఆ యెఱుక దూరపు ఓటరునకు తెరమీద దొరకదు.

2024లో ఈ రెండు పద్ధతులును ఒక్క వేసవిలో ఎదురుపడినవి. అధ్యక్షుడు బైడెను డెమోక్రాటిక్ ప్రైమరీలలో కోటికి పైగా ఓట్లతో గెలిచి, జూను నెల వాదసభలో తడబడి, జూలై 21న తప్పుకొనెను. ప్రతినిధులు పక్షము రోజులు దాటీదాటకుండ ఉపాధ్యక్షురాలు కమలా హారిసును అభ్యర్థినిగ నిశ్చయించిరి. ఆ యేటి ప్రైమరీలలో ఆమె పోటీ చేసియుండలేదు. నవంబరులో, తన పక్షపు ప్రైమరీలను గెలిచి వచ్చిన ట్రంపు ఆమెను ఓడించెను. ఆ కొద్దిదినములలోనైన బహిరంగమైన పోటీ జరిపియుండవలసినదా యని ఆమె పక్షమువారు అటుపిమ్మట తమలో తాము వాదించుకొనిరి.