మీ పాటలకు కేవైసీ చేశారా?

పోయిన మార్గశిరంలో, అమ్మ ఆబ్దికానికి రెండు వారాల ముందు నాన్నగారు ఒక మాట అడిగారు.

“అమ్మాయ్, మీ అమ్మ పాడిన మంగళహారతి ఒకటి ఉండాలి. ఆ రోజు ఒకసారి వినిపిస్తావా?”

“దానికేం నాన్నా, అలాగే” అన్నాను తేలిగ్గా. తెనాలిలో ఇల్లు ఖాళీ చేసి ఆయన్ని మా ఇందిరాపురం ఫ్లాటుకి తెచ్చుకున్నప్పుడు, ఆయన క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. ఎర్రకోట ఎదురుగా ఉన్న లజపత్‌రాయ్ మార్కెట్టులో పాత టేప్‌రికార్డరుకి బెల్టు మార్పించుకుని మరీ చేసిన పని అది. అన్నీ ఒక హార్డ్ డిస్కులో భద్రంగా ఉన్నాయనే ధైర్యం నాది.

ఆ రాత్రి డిస్కు తెరిచాను. మొత్తం 6,412 ఫైళ్లు. పేర్లేమో ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’. ఫోల్డర్లేమో ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ (3)’, ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’. హారతి అని వెతికాను, అమ్మ పేరుతో వెతికాను. ఏమీ రాలేదు.

పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు దగ్గర ఉండే నిధికి వెళతాయనీ, వాటిని వెతుక్కోవడానికి 2023లో ‘ఉద్గమ్’ పోర్టలు వచ్చిందనీ కౌంటరు దగ్గర ఖాతాదారులకు చెప్పేదాన్ని నేనే. డబ్బు ఎక్కడికీ పోదు. ఎవరిదో తెలిపే వివరం చేతిలో లేకపోతే మాత్రం ఉన్నా లేనట్టే. మా ఇంట్లో పాటల పరిస్థితీ అదేనని ఆ రాత్రి అర్థమైంది.

నేను చేసిన పొరపాటు

మర్నాడు ఆదివారం. ముందు చెత్త తగ్గిద్దామని, ఒకే పేరున్న ఫైళ్లను ఏరి తీసేసే ప్రోగ్రాము ఒకటి నడిపించాను. అరగంటలో రెండు వేల పైచిలుకు ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి పోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

పదకొండో తరగతి చదువుతున్న మా అబ్బాయి వచ్చి చూసి, “అమ్మా, ‘ట్రాక్ 07’ ప్రతి సీడీలోనూ ఉంటుంది కదా! అవన్నీ ఒకే పాట ఎలా అవుతాయి?” అన్నాడు. ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారుల్ని ఒక్కరే అనుకుని ఒక ఖాతా మూసేసినట్టయింది నా పని. అదృష్టం, బిన్ ఇంకా ఖాళీ చెయ్యలేదు. అన్నీ వెనక్కి తెచ్చుకున్నాం.

అందుకే మొదటి జాగ్రత్త ఇది: ఏ సర్దుడు మొదలుపెట్టినా ముందు మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ తీసుకోండి. రెండు ఫైళ్లు ఒకటేనా కాదా అన్నది పేరుతో తేల్చకండి. నిడివి చూడండి, పది సెకన్లు వినండి. సినిమాలో పాట, అదే గాయకుడు కచేరీలో పాడిన పాట వేర్వేరు. రెండూ ఉంచుకోవలసినవే.

ఫైలు పేరు వేరు, ట్యాగు వేరు

ఎంపీ3 ఫైలుకి రెండు రకాల గుర్తింపు ఉంటుంది. ఒకటి బయట కనిపించే ఫైలు పేరు. రెండోది ఫైలు లోపలే దాగి ఉండే ట్యాగు. దీన్ని ఐడీ3 అంటారు. కవరు మీద చిరునామా ఫైలు పేరైతే, లోపలి ఉత్తరం ట్యాగు. ఫోనులో ప్లేయరు సాధారణంగా చూపించేది ఈ ట్యాగునే. ఫైలు పేరు ఎంత చక్కగా మార్చినా ఫోనులో మళ్లీ ‘ట్రాక్ 07’ అనే కనిపిస్తోందంటే కారణం ఇదే.

1996లో వచ్చిన మొదటి ఐడీ3లో పాట పేరుకి 30 అక్షరాలే చోటు, అదీ ఇంగ్లిషు వంటి లిపులకే. తర్వాత వచ్చిన రెండో తరం ట్యాగుల్లో యూనికోడ్ వాడే వీలు కలిగింది, తెలుగుకి దారి దొరికింది. మీ పాత సీడీల్లో తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తే అవి మొదటి తరం ట్యాగులు కావచ్చు, లేదా పాత ఫాంటులో రాసినవి కావచ్చు. విండోస్‌లో ‘ఎంపీ3ట్యాగ్’ అనే ప్రోగ్రాముతో వంద ఫైళ్ల ట్యాగులు ఒకేసారి దిద్దవచ్చు. అందులో ట్యాగు రకాన్ని ‘ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16’గా పెట్టుకుంటే తెలుగు అక్షరాలు చాలా ప్లేయర్లలో సరిగ్గా వస్తాయి.

కొన్ని కారు స్టీరియోలు మాత్రం తెలుగుని డబ్బాలుగా చూపిస్తాయి. మేము రాజీ చేసుకున్నాం. ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, ట్యాగు తెలుగులో. దీనివల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది, చివర్లో చెబుతాను.

ఏ గడిలో ఏం రాయాలి?

ఈ గడులు పాశ్చాత్య ఆల్బమ్‌లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన సినిమా పాటకి కొంచెం సర్దుబాటు కావాలి.

ఆల్బమ్ గడిలో సినిమా పేరు, పక్కనే సంవత్సరం. సంవత్సరం ఎందుకంటే మనకు ‘దేవదాసు’లు మూడున్నాయి: 1953లో సి.ఆర్. సుబ్బురామన్‌ది, 1974లో రమేష్ నాయుడుది, 2006లో చక్రిది. ‘మిస్సమ్మ’ 1955లోనూ ఉంది, 2003లోనూ ఉంది. ‘మాయాబజార్’ 1957లోనూ ఉంది, 2006లోనూ ఉంది. సంవత్సరం లేకపోతే తాతలూ మనవలూ ఒకే ఫోల్డరులో కాపురం పెడతారు.

సంవత్సరం రాసేటప్పుడూ ఒక నియమం పెట్టుకోండి. ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరిలో, జాతీయ అవార్డులు వచ్చింది 1979 చిత్రాల లెక్కలో. రెండూ నిజమే. మేము ఎప్పుడూ విడుదల సంవత్సరమే రాస్తాం.

ఆర్టిస్టు గడిలో గాయనీగాయకులు. ‘ఆల్బమ్ ఆర్టిస్టు’ అని ఇంకో గడి ఉంటుంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఒక సినిమాలో ఆరుగురు పాడితే ఫోను ఆ సినిమాని ఆరు ముక్కలు చేసి చూపించడానికి కారణం తరచుగా ఆ ఖాళీయే. అక్కడ సంగీత దర్శకుడి పేరు అన్ని పాటలకూ ఒకేలా రాస్తే సినిమా మళ్లీ ఒక్కటవుతుంది. గీత రచయితకి వేరే గడి ఉంది. దేవులపల్లి వారినీ, పింగళి వారినీ, వేటూరి వారినీ అక్కడ కూర్చోబెట్టండి.

పేర్లు ఒకే తీరులో రాయడం అన్నిటికన్నా ముఖ్యం. మా డిస్కులో బాలు గారు ‘ఎస్పీబీ’, ‘ఎస్.పి. బాలు’, ‘బాలసుబ్రహ్మణ్యం’ అంటూ ఏడుగురు మనుషులయ్యారు. పి. సుశీల గారి పేరు మీద 17,695 పాటలున్నట్టు 2016లో గిన్నిస్ వారు గుర్తించారు. అంత పాడిన ఆవిడ మా ఇంట్లో నాలుగు స్పెల్లింగులుగా చీలిపోయారు. ఒక నోటు పుస్తకంలో ప్రామాణికమైన పేర్ల జాబితా రాసుకుని దాన్నే అనుసరించాం.

శాస్త్రీయ సంగీతానికి రాగం, తాళం, వాగ్గేయకారుడు కావాలి. త్యాగరాజ పంచరత్నాలు అయిదూ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు కదా! రాగం పేరు పాట పేరు పక్కనే రాస్తే వెతకడం తేలిక. రాగం పేరు రాయడం మనకు కొత్తేమీ కాదు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద ప్రతి పాటకీ రాగం పేరు చెక్కి ఉంది, స్వరాలు మాత్రం లేవు. శతాబ్దాల తర్వాత రేకులు వెలుగు చూసినప్పుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటివారు వరసలు కట్టడానికి చేతికందిన ఆధారం ఆ ఒక్క మాటే. పాట వరస పోయినా చీటీ మిగిలింది.

ఇంట్లో రికార్డు చేసినవి

సినిమా పాట వివరం పొరపాటున పోయినా ఇంకెక్కడో దొరుకుతుంది. ఇంట్లో రికార్డు చేసిన పాట వివరం మన దగ్గర తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండదు. కాబట్టి మొదట సర్దవలసినవి అవి. మేము దీన్ని తలకిందులుగా చేసి, వారం రోజులు సినిమా పాటలతోనే గడిపాం.

తర్వాత పేరులేని ఫైళ్లన్నీ ఒక ఫోల్డరులో వేసి, రోజూ రాత్రి భోజనాలయ్యాక నాన్నగారి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ వినిపించాం. విజయవాడ ఆకాశవాణి నుంచి పట్టిన లలిత గీతాలు, మా వీధి రామాలయంలో హరికథ, నేను అయిదేళ్లప్పుడు అప్పజెప్పిన ఎక్కాలు బయటపడ్డాయి. ఆరో రోజు రాత్రి ఒక ‘ట్రాక్ 07’ మొదలైంది. టేపు గరగర, ఏదో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. పాట ఇంకా మొదలు కాలేదు, నాన్నగారు చెయ్యెత్తారు.

“ఇదే. ఆ గ్లాసు మీ అమ్మమ్మది. 1988, వరలక్ష్మీ వ్రతం. అద్దింటి వసారాలో పట్టాను. రెండో గొంతు పక్కింటి పిన్నిగారిది.”

ఆ ఫైలు నేను తీసేసిన రెండు వేలలో ఒకటి. అబ్బాయి ఆ ఆదివారం ఆ గదిలోకి రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నాన్నగారు చెప్పినదంతా అబ్బాయి వ్యాఖ్య గడిలో రాశాడు. ఆర్టిస్టు దగ్గర ‘అమ్మ’ అని రాయబోతే నాన్నగారే ఆపారు. “రేపు నీ పిల్లలు చూస్తే ఎవరమ్మ అనుకుంటార్రా? ఇంటిపేరుతో సహా రాయి” అన్నారు. మీరూ అలాగే రాయండి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

ఇంకా క్యాసెట్లు మిగిలి ఉంటే ‘ఆడాసిటీ’ వంటి ఉచిత ప్రోగ్రాముతో ఎక్కించవచ్చు. ఇంటి రికార్డులను మాత్రం ఎంపీ3గా కుదించకండి, ఫ్లాక్ రూపంలో దాచండి. సీడీ నాణ్యతలో గంట వేవ్ ఫైలు దాదాపు 635 ఎంబీ. ఫ్లాక్ దాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది, ధ్వనిలో ఏమీ పోదు, ట్యాగులూ పడతాయి. ఒకసారి ఎంపీ3 చేసినదాన్ని మళ్లీ ఫ్లాక్ చేసినా పోయినది తిరిగి రాదు.

నామినీ ఎవరు?

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. ఇది నిల్వకు అందరూ చెప్పే సూత్రం. మా ప్రతుల్లో ఒకటి నెహ్రూ ప్లేస్‌లో కొన్న డిస్కులో, ఒకటి క్లౌడులో, ఒకటి విజయవాడలో చెల్లెలి బీరువాలో ఉన్నాయి. ఏడాదికోసారి డిస్కులు తెరిచి నాలుగు పాటలు వినిపించి చూడాలి. మార్చి 31న మనకెలాగూ ఊపిరాడదు కాబట్టి అమ్మ తిథి రోజే మా ఆడిట్ రోజు అనుకున్నాం. పాస్‌వర్డులూ పేర్ల జాబితా నోటు పుస్తకమూ అబ్బాయి చేతికి ఇచ్చాను. వాడే నామినీ.

అన్నట్టు, ఆ అనుకోని లాభం సంగతి. ఘజియాబాద్‌లో పుట్టి పెరిగిన మా వాడికి తెలుగు మాటలాడటమే గాని చదవడం అంతంత మాత్రం. ఫైలు పేరు ఇంగ్లిషులో, ట్యాగు తెలుగులో పక్కపక్కన చూస్తూ మూడు వేల పాటలు దిద్దేసరికి వాడికి ఒత్తులు పట్టుబడ్డాయి. ఆబ్దికం రోజున హారతి పెట్టేముందు వ్యాఖ్య గడిలోది తడుముకోకుండా పైకి చదివాడు. నాన్నగారు కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నారు. అయ్యాక, “మీ నాయనమ్మ పాడిన మేలుకొలుపు కూడా ఒకటి ఉండాలమ్మా” అన్నారు.

వెతుకుతున్నాం. పేరులేని ఫోల్డరులో ఇంకా 340 ఉన్నాయి. మీ ఇంట్లోనూ అలాంటి ఫోల్డరు ఉంటే ఈ ఆదివారం ఒక ఇరవై ఫైళ్లతో మొదలుపెట్టండి. గొంతులు గుర్తుపట్టే పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం మరిచిపోకండి.