వెబ్‌సైటు – అమ్మేవాడి కోసమా, కొనేవాడి కోసమా?

ఉదయం ఎనిమిది గంటలకు ఏ పల్లెటూరి ఎరువుల కొట్టు ముందైనా కాసేపు నిలబడి చూడండి. వచ్చిన రైతు మందు పేరు చెప్పడు. చేతిలో ఒక మిరప కొమ్మ పట్టుకొస్తాడు. "ఇదిగో, ఆకు ఇట్లా ముడుచుకుపోతోంది, ఏదన్నా ఇయ్యి" అంటాడు. కొట్టతను కొమ్మ అందుకుని ఆకు తిరగేసి చూస్తాడు. ఎన్నాళ్ళ తోట, ఇంతకుముందు ఏం కొట్టావు, అని అడుగుతాడు. ఆ తరువాతే చెయ్యి బీరువా మీదికి పోతుంది.

ఇప్పుడు అదే మందు తయారుచేసే కంపెనీ వెబ్‌సైటు సంగతి చూద్దాం. పోయిన సంవత్సరం మా నాన్న చేను దగ్గర నుంచి ఫోన్ చేసి, "డబ్బా మీద అక్షరాలు కనపడి చావట్లేదురా, టాంకీకి ఎంత పొయ్యాలో చూసి చెప్పు" అన్నాడు. నేను హాస్టల్లో ఉన్నాను. ఆ కంపెనీ పేజీ తెరిచాను. ముందు ఒక పెద్ద భవనం బొమ్మ. అది జరిగిపోయి నవ్వుతున్న రైతు బొమ్మ (చొక్కా మీద ఒక్క మట్టి మరక లేదు). తరువాత అధ్యక్షుని సందేశం, కంపెనీ ఆశయాలు, వచ్చిన బహుమతులు. చివరకు మందుల జాబితా దొరికింది. అందులో మా మందు కింద రసాయన నామము, హెక్టారుకు ఇన్ని మిల్లీలీటర్లు అనే మాట, అంతా ఇంగ్లీషులోనే. మా నాన్న దగ్గరున్నది పదహారు లీటర్ల టాంకీ. ఆయన భూమి లెక్క ఎకరాల్లో. నేను లెక్క కట్టి ఫోన్ చేసేసరికి ఆయన పక్క చేలోవాళ్ళను అడిగి, టాంకీకి రెండు మూతల చొప్పున కొట్టేశాడు. తరువాత చూసుకుంటే కావలసిన దానికి రెట్టింపు పడింది. డబ్బు దండగ, పైగా ఆ గాలి పీల్చింది ఆయనే.

ఆ లెక్క ఏమంత కష్టమైనది కాదు. హెక్టారుకు 500 మి.లీ. మందు, 500 లీటర్ల నీళ్ళు అని ఉందనుకుందాం. అంటే లీటరుకు 1 మి.లీ. పదహారు లీటర్ల టాంకీకి 16 మి.లీ. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు గనుక ఎకరానికి 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీళ్ళు, అనగా పన్నెండున్నర టాంకీలు. కంపెనీలో ఒక మనిషి ఒక్క పూట కూర్చుని ప్రతి మందుకూ ఈ అంకెలు వేసి పెడితే, వేలమంది రైతులు ఎండలో నిలబడి లెక్కలు కట్టే పని తప్పుతుంది. ఎందుకు పెట్టలేదంటే, ఆ పేజీ రాసినవారు "మన గురించి ఏం చెప్పుకుందాం" అని మొదలుపెట్టారు. "వచ్చినవాడు ఏమి అడుగుతాడు" అని మొదలుపెట్టలేదు.

ఈ తేడాను పెద్దవాళ్ళు ఎప్పుడో గుర్తించారు. వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించిన యాకోబ్ నీల్సన్ 1997లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పరీక్షలో పాల్గొన్నవారిలో 79 శాతం మంది కొత్త పేజీని చదవరు, పైపైన కళ్ళు పరిగెత్తిస్తారు. మాట మాటా చదివేవారు 16 శాతమే. పోతే బ్రిటిష్ ప్రభుత్వం 2012లో తన శాఖల సమాచారాన్నంతా ఒకే వెబ్‌సైటు కిందికి తెచ్చే పని మొదలుపెట్టినప్పుడు, అవసరంతో మొదలుపెట్టాలి అనేదాన్ని మొదటి సూత్రంగా పెట్టుకుంది. ఆ అవసరం ప్రభుత్వానిది కాదు, పౌరుడిది అని కింద వివరణ కూడా ఇచ్చుకుంది. ప్రభుత్వానికే ఆ బుద్ధి పుట్టినప్పుడు వ్యాపారికి పుట్టకపోవటం చిత్రమే.

సరే, అసలు విషయానికి వద్దాం. కొనేవాడి అవసరాన్ని బట్టి రాయటమంటే తేలిక మాటల్లో రాయటం ఒక్కటే కాదు. సమాచారాన్ని పేర్చే పద్ధతే మారాలి. కంపెనీ తన సరుకును పురుగు మందులు, తెగుళ్ళ మందులు, కలుపు మందులు అని విభజిస్తుంది. అది గోదాము విభజన. రైతు వెతికేది "మిరప ముడత" అని. మిరపలో ఆకు ముడత ఒక్క రకం కాదు. ఆకు పైకి పడవలా ముడుచుకుంటే తామర పురుగులు. కిందికి, తిరగేసిన పడవలా ముడుచుకుంటే నల్లి. నల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్ళతో సాలీడు జాతికి చెందినది. అందుచేత తామర పురుగు మందులు చాలావరకు దానిమీద పనిచేయవు. మూడోది వైరసు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. ఒకసారి మొక్కకు సోకాక దాన్ని నయంచేసే మందు లేదు, దోమను అదుపు చేయటం, తెగులు సోకిన మొక్కను మొదట్లోనే పీకేయటం వరకే మన చేతిలో ఉన్నది. కనుక మంచి పేజీ రైతును మందు పేరు అడగదు. మూడు బొమ్మలు చూపి, "మీ ఆకు వీటిలో ఎట్లా ఉంది?" అని అడుగుతుంది, మన కొట్టతను అడిగినట్లే. అంతేకాదు, వైరసు బొమ్మ దగ్గర "దీనికి మందు కొనకండి" అని రాయగలగాలి. అమ్మేవాడు ఇట్లా ఎందుకు రాస్తాడని మిత్రులు నవ్వవచ్చు. ఒకసారి నిజం చెప్పినవాడి దగ్గరికే మర్నాడు మళ్ళీ వెళ్ళటం మన రైతుల అలవాటు. పైగా కొట్టతనికి ఏ మందు మీద కమిషన్ ఎక్కువో దానివైపు చెయ్యి పోతుందని అందరికీ తెలుసు. ఆ లోటు పూడ్చే అవకాశం ఆ పేజీకే ఉన్నది. 2021లో నల్ల తామర పురుగు మన మిరప తోటల మీద పడి, పూతలో చేరి రాల్చేసినప్పుడు రైతులు కనపడిన మందల్లా కొట్టారు. అప్పుడు కావలసింది కొత్త డబ్బా ప్రకటన కాదు, పురుగును గుర్తుపట్టే బొమ్మ.

భాష సంగతి కూడా ఉంది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే చోటున్నది. అయినా కొందరు తెలుగును ఫోటోగా అతికిస్తారు. అట్లా అతికించిన అక్షరాలు వెతికేవాడికి సులభంగా చిక్కవు, పెద్దవి చేస్తే అలుక్కుపోతాయి. ఇంకొందరు తెలుగులో రాస్తారు గాని, "పిచికారీ యంత్రము" అంటారు. దాన్ని టాంకీ అనకపోతే మా నాన్నకు తెలియదు. డబ్బా మీది వజ్రాకారపు గుర్తులో కింది సగం ఎరుపైతే అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని ఎంతమంది రైతులకు ఎవరు చెప్పారు? చివరి మందుకూ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలో అన్నది ఇంకా ముఖ్యం. ఆ సంఖ్య తప్పితే కాయలో మందు అవశేషం మిగులుతుంది, సరుకు వెనక్కి వస్తుంది. నేను చూసిన పేజీలో అది చిట్టచివర, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది.

ఈ ప్రశ్నలన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, దూరం పోనక్కరలేదు. కంపెనీలో రైతుల ఫోన్లు ఎత్తే గుమాస్తా పక్కన వారం రోజులు కూర్చుంటే చాలు. అడిగినవాళ్ళ మాటలు దిద్దకుండా రాసుకోవాలి. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న పేజీలో పైన ఉండాలి. రాశాక ఒక రైతు చేతికి ఫోనిచ్చి, "టాంకీకి ఎంతో వెతుకు" అని చెప్పి, మనం నోరు మూసుకుని చూడాలి. ఎక్కడ తడబడ్డాడో అక్కడ తప్పు మనదే.

కాలేజీ వెబ్‌సైట్ల సంగతి ఎత్తితే సంపాదకులకు ఇబ్బంది కావచ్చు. రాండల్ మన్రో అనే అమెరికన్ కార్టూనిస్టు 2010లో రెండు వలయాలు గీశాడు. ఒకటి, విశ్వవిద్యాలయం పేజీలో ముందు కనపడేవి. రెండోది, వచ్చినవాళ్ళు వెతికేవి. రెండింటికీ ఉమ్మడిగా మిగిలింది విశ్వవిద్యాలయం పూర్తి పేరొక్కటే. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ కోసం తిరిగిన మిత్రులకు వివరించి చెప్పనక్కరలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో మేం వాడే ఆరు మందులకు మూడు వరుసలు రాశాను: మందు పేరు, టాంకీకి ఎంత, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి. ఒక పాత దగ్గు మందు కొలత గ్లాసు దారం కట్టి దాని పక్కనే వేలాడదీశాను. మోటారు షెడ్డులో మేకుకు ఉన్నది. పక్క చేలవాళ్ళు వచ్చి ఫోటో తీసుకుపోయారు.